వీరాంపట్టినంలో దొరికిన హతురాలు

ఆదివారం భోజనాలయ్యాక మా ఇంట్లో నా నవల చదువుకునేవాళ్ళం. చదివేది నేను, వినేది అమ్మ, పెద్దమ్మ. ఇద్దరికీ తెలుగు మాట్లాడటం వచ్చు గాని చదవడం రాదు. ముత్తియాల్‌పేటలో మా వాళ్ళు చాలామంది అంతే. ఎన్ని తరాల కింద వచ్చి ఇక్కడ స్థిరపడ్డామో ఎవరికీ తెలీదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. నాకు అక్షరాలు నేర్పింది నాన్న. సరుకు కోసం నెల్లూరు వైపు పోయినప్పుడల్లా వారపత్రికలు తెచ్చి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చదివించేవాడు. నేను మొదట వెతికేది డిటెక్టివ్ సీరియల్. హంతకుడెవరో తెలిసేదాకా అన్నం సహించేది కాదు.

నలభై దాటాక నేనే ఒకటి మొదలుపెట్టాను. నాది కళ్ళద్దాల కొట్టు. గిరాకీ లేని వేళ ఫోన్‌లో టైపు చేసి, కథలు పెట్టే ఒక యాప్‌లో వారానికో భాగం పెట్టేదాన్ని. కాలంలో వెనక్కి పోయే పోలీసు కథ. మా ఊళ్ళో మూతబడిన మిల్లు సైరన్ ఒక ఉదయం ఉన్నట్టుండి మోగుతుంది. దాన్ని మేం సంగు అంటాం. ఆ సంగు విని మిల్లు గేటు దాటిన ఎస్సై పాత కాలంలోకి పోతాడు. ఎన్నో ఏళ్ళుగా తేలని ఒక హత్య జరిగిన ఉదయం అది. హంతకుణ్ణి కళ్ళారా చూడాలి, చేతనైతే ఆపాలి. ఆపితే ఇప్పటి కాలం ఏమవుతుంది? అక్కడే పాఠకులని ఊరించేదాన్ని.

ఆ హత్య మాత్రం నేను కల్పించింది కాదు.

నేను పుట్టకముందు సంగతి. మా పక్క వీధిలో అద్దె సైకిళ్ళ కొట్టు ఒకటి ఉండేది. ఆ కొట్టాయన భార్య, పెళ్ళయి ఏడాది తిరక్కముందే, ఒక తెల్లవారుజామున మాయమైపోయింది. నగలు ఇంట్లోనే ఉన్నాయి. చెప్పులు గుమ్మం దగ్గరే ఉన్నాయి. ఆమె అన్నలిద్దరూ వచ్చి ఆయన్ని వీధిలోకి లాగి కొట్టారు. పోలీసులు తీసుకుపోయారు. బావిలోకి దిగి వెతికారు, సముద్రపు ఒడ్డంతా గాలించారు. శవం దొరకలేదు. ఆయన నోరు విప్పలేదు. చివరికి వదిలేశారు గాని, వీధి మాత్రం వదల్లేదు. నేను కాలేజీలో ఉండగా ఆయన చనిపోయేదాకా అందరికీ ఆయన పెళ్ళాన్ని చంపినవాడే. పిల్లలం ఎదురుగా 'సైకిల్ మామ' అనేవాళ్ళం, సాయంత్రమైతే ఆ కొట్టు ముందు పరిగెత్తి దాటేవాళ్ళం.

చెప్పులు వదిలేసి ఆడమనిషి ఎక్కడికి పోతుంది? నగలు ఉన్నాయంటే దొంగ కాదు. మరి ఎందుకు చంపాడు, ఎక్కడ దాచాడు? చిన్నప్పటినుంచీ నా బుర్రలో తిరిగిన ప్రశ్నలివి. నవల రాయడానికి అసలు కారణం కూడా అదే అనుకుంటాను.

మొదటి భాగాలు వింటున్నంతసేపూ పెద్దమ్మ తప్పులు పట్టేది. "ఆ కాలంలో ఆ మూలలో టీ కొట్టు యాడుండింది మే? ఆడ కట్టెల అడితి ఉండింది" అనేది. "సంగు పొద్దున మోగితే ముందు కుక్కలు అరుస్తాయి, అది రాయి" అనేది. నేను దిద్దుకునేదాన్ని. ఆ తర్వాతి భాగంలో ఎస్సై అడితి చాటున నిలబడి ఉంటాడు. సైకిళ్ళ కొట్టు తలుపు తెరుచుకుంటుంది. ఒక మగమనిషి గోతాం మూట భుజాన వేసుకుని బయటికొస్తాడు. మూటలోంచి ఒక చెయ్యి...

"నిలుపు," అంది పెద్దమ్మ.

ఆపాను. అమ్మ కూడా తలెత్తి చూసింది.

"ఆ పిల్లను చంపొద్దు మే."

"కథ కదా పెద్దమ్మా."

"కథైనా సరే. ఆమె చావలేదు."

అమ్మ చేతిలో తమలపాకు అట్లాగే ఉండిపోయింది. "ఏంది అక్కా నువ్వు చెప్పేది?"

పెద్దమ్మ చెప్పింది. తను కాపురానికొచ్చిన కొత్తలో ఆ సైకిలాయన భార్యతో కలిసి కుళాయి దగ్గర నీళ్ళు పట్టేదట. ఎడమ కణత మీద కాలిన మచ్చ ఉండేదట ఆ పిల్లకి. ఆమె మాయమైన చాలా ఏళ్ళకి, వీరాంపట్టినం ఆడి మాసపు తిరునాళ్ళలో తేరు లాగుతుంటే, జనంలో ఆ మచ్చ కనిపించింది. తల్లో పూలు, చంకలో బిడ్డ. చూపులు కలిశాయి. ఆమె కొంగు ముఖమ్మీదికి లాక్కుని జనంలో కలిసిపోయింది.

"ఎవరికీ చెప్పలేదా?"

"ఎవరికి చెప్పేది? వాళ్ళ అన్నలు బతికే ఉండిరి. నరికేసుంటారు." మళ్ళీ తనే, "ఆయనకి చెప్దామని ఒకసారి కొట్టుకి పోయినా. నేను నోరు తెరిచేలోపల ఆయనే అన్నాడు, 'నువ్వు చూసింది చూడలేదనుకోమ్మా' అని. నేను ఏం చూసినానో ఆయనకెట్ల తెలిసె? ఈ రోజు దాకా తెలీదు నాకు."

ఫోన్‌లో ఎస్సై ఇంకా అడితి చాటునే ఉన్నాడు. అతణ్ణి అక్కడే వదిలేసి, నేను నిజంగా వెతకడానికి సిద్ధమయ్యాను.

ఎట్లా వెతకాలి? చంకలో బిడ్డతో తిరునాళ్ళకొచ్చిందంటే వీరాంపట్టినంలోనే ఉండొచ్చు, కానీ ఊరు పెద్దది. మచ్చ ఉన్న ముసలావిడ ఎవరని అడిగితే అప్పు వసూలుకొచ్చిన బ్యాంకు వాళ్ళమనుకుని తలుపులేసుకుంటారు. అసలు ఇంకా బతికుందా? పైగా ఆమె దాక్కున్న మనిషి. నేను వెతుకుతున్నానని తెలిస్తే చాలు, మళ్ళీ మాయమైపోవచ్చు. అప్పుడు తట్టింది. నేను అప్పుడప్పుడు పల్లెల్లో ఉచిత కంటి పరీక్షలు పెడుతుంటాను. పెద్దవాళ్ళు తప్పకుండా వస్తారు. ఈసారి వీరాంపట్టినంలో, గుడికి దగ్గరగా ఉన్న ఒక హాల్లో పెట్టాను. పెద్దమ్మని టోకెన్లు ఇచ్చే చోట కూర్చోబెట్టాను.

"గుర్తుపడితే ఏం చెయ్యాల?" అని అడిగింది పెద్దమ్మ.

"దగ్గు పెద్దమ్మా, చాలు."

పొద్దుటినుంచి ఎంతమంది వచ్చారో. ఉప్పుగాలికి ఎర్రబడిన కళ్ళు, శుక్లాలు ముదిరిన కళ్ళు. పెద్దమ్మ దగ్గనే లేదు. భోజనాల వేళ దాటింది. నాకు నమ్మకం సన్నగిల్లింది. అప్పుడు వెనకనుంచి దగ్గు వినిపించింది. ఒకసారి కాదు, నీళ్ళు తాగమని ఎవరో చెప్పేదాకా దగ్గుతూనే ఉంది.

సన్నగా, నిటారుగా ఉన్న ఆవిడ వచ్చి కుర్చీలో కూర్చుంది. జుట్టు పూర్తిగా తెల్లబడింది. కొంగు ఎడమవైపు కిందికి దించి ఉంది. కళ్ళు పరీక్షించాలని పక్కకి జరిపాను. మచ్చ ఉంది.

చదువు రానివాళ్ళకి పెట్టే పట్టిక నా దగ్గర ఉంటుంది. మూడు కాళ్ళ గుర్తు ఒకటే, ఒక్కో వరుసలో ఒక్కో వైపు తిరిగి ఉంటుంది. కాళ్ళు ఎటు ఉన్నాయో చెప్పాలి. పై వరుసలన్నీ తమిళంలో అడిగాను, తమిళంలోనే చెప్పింది. కింది వరుసకి వచ్చాను. మెల్లగా తెలుగులో అడిగాను.

"దీని కాళ్ళు యా పక్క ఉండాయి అత్తా?"

"పైకుండాయి," అంది ఆవిడ.

అని, ఆగిపోయింది. పట్టికకేసి చూస్తున్న కన్ను నెమ్మదిగా నా మీదికి తిరిగింది. సైకిల్ మామ భార్య గనక 'అత్తా' అన్నాను. అనుకుని అన్నది కాదు, దానంతటదే వచ్చింది.

"ఎవురు నువ్వు?" అంది పెదాలు కదపకుండా. గొంతులో భయముంది. అంతకంటే ఎక్కువ ఇంకేదో ఉంది. ఇవతల నా పరిస్థితీ అదే కాబట్టి పోల్చుకోగలిగాను. తెలుసుకోవాలన్న ఆత్రం అది.

నేను జవాబు చెప్పేలోపల పెద్దమ్మ లేచి వచ్చి నా వెనక నిలబడింది. ఇద్దరు ముసలివాళ్ళూ ఒకరినొకరు చూసుకున్నారు.

"కుళాయికాడ," అంది పెద్దమ్మ.

"ఊఁ," అంది ఆవిడ. అంతే. తర్వాత నా వైపు తిరిగి, "టెస్టు ముగించు. ఎనకాల మనుషులుండారు. అద్దాలు ఇచ్చేదానికి ఇంటికి రా" అని ఇల్లు ఎక్కడో గుర్తులు చెప్పింది.

ఆ అద్దాలు తయారయ్యేదాకా నాకు నిద్ర లేదు. యాప్‌లో పాఠకులు 'చెయ్యి ఎవరిది?' అని గోల పెడుతున్నారు. నాకేం తెలుసు?

ఆవిడ ఇల్లు సముద్రానికి దగ్గర్లో, సిమెంటు పూసిన చిన్న ఇల్లు. గుమ్మంలో కోడలు రొయ్యలు ఒలుస్తోంది. నేనూ పెద్దమ్మా పోయి కూర్చున్నాం. కోడలికి తమిళం తప్ప రాదు. ఆవిడ ఆమెకి తమిళంలో, "వీళ్ళు మా ఊరివైపు వాళ్ళు, మా భాష మాట్లాడుకుంటాం" అని చెప్పి, ఆమె పక్కనే కూర్చుని, అన్నీ చెప్పేసింది. కోడలు ఒలుస్తూనే ఉంది.

మొదట్లో తెలుగు రాలేదు ఆవిడకి. "మాట్లాడేదానికి మనుషులు లేక మాటలు యాడికో పోయినాయి," అంది. ఒక్కో మాట వెతికి తెచ్చుకుంది. కాసేపటికి ధారగా వచ్చేసింది.

పెళ్ళికి ముందే ఈ ఊరి మనిషిని ఇష్టపడిందట. తిరునాళ్ళలో పరిచయం. చేపలు పట్టేవాడు, కులం వేరు. సంగతి అన్నల చెవిన పడింది. ఆ కణత మీది మచ్చ అప్పటిదే. వెంటనే మా వీధి ఆయనకిచ్చి పెళ్ళి చేసేశారు.

"ఆయన మంచోడు. ఒక రోజు అడిగినాడు, ఎందుకట్ల ఎప్పుడూ ఏడస్తావని. దాచలేకపోయినా. చెప్పేసినా. కొడతాడనుకున్నా. ఏం అనలేదు. కొట్లోకి పోయి పంచరు ఏసుకుంటా కూర్చున్నాడు. రెండు మూడు దినాలు మాటల్లేవు. మళ్ళా వచ్చి అడిగినాడు, 'ఆ మనిషి యాడుంటాడు?' అని. నా పై ప్రాణాలు పైనే పోయినాయి. చంపేదానికి పోతాడేమో అనుకున్నా."

"పోయినాడా?"

"సైకిలెక్కి పోయినాడు. సాయంత్రానికి వచ్చి, 'నీ పేరు చెప్తే ఏడ్చినాడు. మనిషి మంచోడే' అన్నాడు. అంతే అన్నాడు. ఇంకో దినం తెల్లారకముందే ఆయనే తెచ్చి ఈడ దించినాడు."

పెద్దమ్మ ముక్కు మీద వేలేసుకుంది.

నా లోపలి డిటెక్టివ్ ఊరుకోలేకపోయాడు. "మరి నగలు, చెప్పులు అత్తా?"

ఆవిడ నవ్వింది. "నగలు అన్నలు పెట్టినవి. వాళ్ళది మాకెందుకు? చెప్పులు చప్పుడౌతాయని ఇడిచిపెట్టినా. సుమ్మా, ఊరికే, అంతే. దానికి ఊరంతా ఇంత కథ కట్టిందా?"

తర్వాతి సంగతి చెప్పేటప్పుడు ఆవిడ నవ్వలేదు. ఆయన్ని కొట్టారని, స్టేషన్లో పెట్టారని, భార్యని చంపినవాడంటున్నారని కొన్ని వారాలకి ఇక్కడ తెలిసింది. తిరిగిపోయి నలుగురిలో నిలబడి 'ఇదిగో బతికే ఉన్నా' అని చెప్పాలని బయల్దేరింది. ఈ లోపల వదిలేశారు గనక ఆయనే వచ్చాడు. పడవల చాటున నిలబడి మాట్లాడాడు.

"ఏమన్నాడు?"

"'నువ్వొస్తే నిన్నూ వాణ్ణీ నరుకుతారు. చచ్చిపోయిందనుకుంటేనే ఎతకరు. నేను పడేది మాటే కదా, మాటకి చస్తానా' అన్నాడు. ఇంక రావద్దని ఒట్టు ఏయించుకున్నాడు."

గుమ్మంలో కోడలు రొయ్యల పొట్టు గిన్నెలో వేస్తోంది. పెద్దమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నాకు ఏడుపు రాలేదు, దిగ్భ్రమ. హత్య జరగలేదని కాదు. జరగని హత్యని ఒక మనిషి ఒప్పుకోకుండా, కాదనకుండా, బతికినంత కాలం మోశాడని. ఎట్లా మోశాడు? పొద్దున లేచి కొట్టు తలుపు తీసేటప్పుడు ఏమనుకునేవాడు?

"ప్రతి తిరునాళ్ళకీ వచ్చేవాడు," అంది ఆవిడ. "దూరంగా నిలబడి, నన్ను చూసి, పిల్లల్ని చూసి, పోయేవాడు. ఈ అక్క నన్ను చూసిన దినం కూడా ఆడే ఉండాడు." పెద్దమ్మ తలూపింది. అన్నేళ్ళ తన సందేహం తీరినట్టుంది. "ఒక ఏడు రాలేదు. మళ్ళా ఏడు కూడా రాలేదు. అప్పుడు తెలిసిపోయింది నాకు. కానీ ఎట్ల పోయినాడు, ఎవురు చూసుకున్నారు, అడిగేదానికి ఎవురున్నారు?"

అప్పుడర్థమైంది నాకు. నేను వెతికింది ఒక సగం. మిగతా సగం కోసం ఆవిడ ఇన్నేళ్ళుగా కాచుకుని ఉంది. చెప్పాను. ఆస్పత్రిలో ఎక్కువ రోజులు లేడని, జ్వరంతోనే పోయాడని, నాన్నా ఇంకొందరూ దగ్గరుండి దహనం చేశారని. ఆవిడ అక్కడితో ఆగలేదు. కొట్లో ఇంకెవరైనా ఉండేవాళ్ళా? అన్నం ఎవరు పెట్టేవాళ్ళు? మళ్ళీ పెళ్ళెందుకు చేసుకోలేదు? మెస్సునుంచి క్యారియర్ వచ్చేదని, ఒక గోధుమరంగు పిల్లి ఎప్పుడూ ఆయన కాళ్ళ దగ్గరే ఉండేదని చెప్పాను. సైకిల్ నేర్చుకునేటప్పుడు నా కోసం సీటు కిందికి దించి, వెనక పట్టుకుని మా వీధి చివరిదాకా పరిగెత్తాడని, ఇంటికొస్తే అమ్మ నన్ను తిట్టిందని కూడా చెప్పాను.

"పరిగెత్తినాడా?" అని అడిగింది ఆవిడ. ఆ ఒక్క సంగతి రెండు మూడుసార్లు చెప్పించుకుంది.

నవల సంగతి దాచడం బాగుండదనిపించి చెప్పాను. ఆవిడ కొత్త అద్దాలు సర్దుకుని, "చదువు" అంది. చదివాను. సంగు దగ్గర ఆసక్తిగా వంగింది. గోతాం మూట దగ్గర పడీపడీ నవ్వింది. "నేను ఆ మూటలో పట్టేదాన్నా? అప్పుడు బాగా లావు నేను!"

"మార్చేస్తానత్తా. అసలీ కథే తీసేస్తాను."

"ఎందుకు తీసేది? ఆ పోలీసాయన అంత దూరం వచ్చినాడు పావం. ఆయన వచ్చి అడ్డం నిలబడితే మాత్రం నేను యాడికి పోదును? మళ్ళా ఆ అన్నల చేతికే పోవాల." అద్దాలు మళ్ళీ సర్దుకుంది. "చూసి పొమ్మను."

"నిజం రాస్తే మీకు ఇబ్బంది కాదా?"

"ఇంక ఎవురుండారు? అన్నలు పోయినారు. ఈ ఇంటాయనా పోయినాడు, మీ వీధి ఆయనా పోయినాడు. రాయి. నా పేరు ఒకటే ఒద్దు."

మూట ఉన్న భాగం యాప్‌లోంచి తీసేసి, అట్లాగే రాశాను. ఎస్సై కట్టెల అడితి చాటున నిలబడి ఉంటాడు. తలుపు తెరుచుకుంటుంది. చెప్పుల్లేని కాళ్ళతో ఒకామె బయటికొస్తుంది. భర్త సైకిల్‌ని చప్పుడు కాకుండా నడిపించుకుంటూ వీధి మలుపు దాకా పోయి, ఆమెని వెనక ఎక్కించుకుని, వీరాంపట్టినం దారిలో అరియాంకుప్పం వైపు తొక్కుకుంటూ పోతాడు. ఎస్సై విజిల్ జేబులోనే ఉండిపోతుంది. కొందరు పాఠకులు మెచ్చుకున్నారు. ఎక్కువమంది తిట్టారు. హత్యే లేనప్పుడు ఇది క్రైమ్ నవల ఎట్లా అవుతుందని ఒకాయన చాలా పొడుగ్గా రాశాడు.

కొన్నాళ్ళకి ఆవిడ మా వీధి చూడాలని అడిగింది. కోడల్ని తోడు తీసుకుని ఆటోలో వచ్చింది. సైకిళ్ళ కొట్టు ఉన్న చోట ఇప్పుడు మూడంతస్తుల ఇల్లు, కింద మొబైల్ రిపేరు షాపు. ఆవిడ ఎదురుగా నిలబడి చాలాసేపు చూసింది. "తలుపు ఈడుండింది" అని ఒక గాజు అద్దం మీద చెయ్యి పెట్టింది. షాపు అమ్మాయి ఏం కావాలని అడిగితే, పెద్దమ్మ అడ్డుపడి, "ఏం వద్దు కన్నా, సుమ్మా చూస్తా ఉండాము" అంది. తర్వాత మా ఇంట్లో కాఫీ తాగి పోయారు. తిరిగి పోయేటప్పుడు ఆటోలో, ఎందుకేడుస్తున్నావని కోడలు అడిగితే, ఆవిడ తమిళంలో మొదలుపెట్టి మొత్తం చెప్పేసిందట.

తర్వాత ఒక ఆదివారం ఆవిడ కొడుకు వచ్చాడు. యాభైకి దగ్గరపడిన మనిషి, ఎండకి నల్లబడిన ముఖం, పెద్ద చేతులు. ఒక్కడే. చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడ్డాడు. వాళ్ళమ్మ ఏం చెప్పిందో అడగలేదు నేను. తమిళంలో అతనే అడిగాడు, "అక్కా, ఆయన ఫోటో ఏదైనా ఉందా?"

లేదు. ఆయన్ని ఎవరు ఫోటో తీస్తారు? పెళ్ళి ఫోటోలు ఆమె అన్నలు ఆ రోజే చింపేశారట.

"తిరునాళ్ళలో చూసే ఉంటాను," అన్నాడు. "అంతమందిలో ఎవరని గుర్తుంటుంది? ఎట్లా ఉండేవాడు?"

నేను పెద్దమ్మని పిలిచాను. ఆమె అతని పక్కన కూర్చుని, ఎత్తు చెప్పింది, చెవులు చెప్పింది, నవ్వితే ఒకవైపే నవ్వేవాడని చెప్పింది. అతను తల కదపకుండా విన్నాడు. ఎట్లా నడిచేవాడు, గొంతు ఎట్లా ఉండేది, కోపం వస్తే ఏం చేసేవాడు? ఒక్కొక్కటే అడిగాడు. సైకిల్ ఎట్లా ఎక్కేవాడని అడిగితే పెద్దమ్మకి మాటల్లో చెప్పడం రాలేదు. మోకాలు పట్టుకుని లేచింది. కొంగు నడుముకి దోపి, హాలు మధ్యలో నిలబడి, లేని సైకిల్ హ్యాండిల్ రెండు చేతులా పట్టుకుని, ఎడమ కాలు పెడలు మీద పెట్టి, రెండు ఎగురులు ఎగిరి, కుడి కాలు వెనకనుంచి తిప్పబోయింది. అతను గబుక్కున లేచి ఆమె పడకుండా పట్టుకున్నాడు.